పారేసిన పెరుగు తినొచ్చా?

జర్మనీలో సూపర్ మార్కెట్ల వెనక చెత్తడబ్బాల్లో సీలు తీయని పెరుగు, రొట్టెలు, కూరగాయలు కనిపిస్తాయి. వాటిని ఏరుకోవడాన్ని అక్కడ ‘కంటైనర్న్’ అంటారు. పారేసిందే కదా అని చెయ్యి పెట్టేరు, దొంగతనం కింద లెక్క! 2018లో మ్యూనిక్ దగ్గరి ఓల్చింగ్‌లో ఇద్దరు విద్యార్థినులు ఇలాగే పట్టుబడ్డారు. కోర్టు 8 గంటలు సేవ చేయమంది, మళ్లీ చేస్తే చెరి 225 యూరోలు కట్టాలంది. 2020లో రాజ్యాంగ న్యాయస్థానం కూడా వాళ్ల మొర తోసిపుచ్చింది. వీసా మీద బతికే మనవాళ్లకు పోలీసు కేసు ఎంత ఖరీదో వేరే చెప్పాలా?

ఇక తేదీల సంగతి. ‘మిండెస్టెన్స్ హాల్ట్‌బార్ బిస్’ అని ఉంటే అది నాణ్యతకు హామీ మాత్రమే. తేదీ దాటినా ఫ్రిజ్‌లో ఉన్న సీలు పెరుగును చూసి, వాసన పట్టి, కాస్త నాలుకకు తగిలించి తినొచ్చు. ‘త్సు ఫెర్‌బ్రౌఖెన్ బిస్’ వేరు. కీమా, పచ్చి కోడిమాంసం మీద ఉంటుంది. ఆ తేదీ దాటితే వాసన బాగున్నా ముట్టొద్దు. ఉబ్బిన డబ్బా, బూజు రొట్టె కూడా అంతే. చెత్తడబ్బాలో ఎంతసేపు ఎండకు కాగిందో తెలియని పాలు, మాంసం ఏ తేదీ ఉన్నా వద్దు.

చేతిలో డబ్బు ఆడకపోతే ‘టాఫెల్’ను అడగమని మా సలహా. 1993లో బెర్లిన్‌లో మొదలై దేశమంతా వ్యాపించింది. దుకాణాల్లో మిగిలిన సరుకే అక్కడ ఉచితంగానో నామమాత్రపు ధరకో ఇస్తారు. ఆదాయం తక్కువని చూపే కాగితం దగ్గర పెట్టుకోండి.