మాయాసీమలో అధ్యయన యాత్ర: శిల చెప్పేది, ఇల్లు చెప్పేది

మెక్సికోలోని పాలెంకేకు వెళ్లే విద్యార్థి బృందం మొదట శాసన దేవాలయాన్ని చూస్తుంది. 615 నుంచి 683 వరకు ఏలిన పకాల్ రాజు సమాధి 1952లో అక్కడే బయల్పడింది. ఆ ఏడే సోవియట్ పండితుడు క్నొరోజోవ్ మాయా లిపిలో ధ్వని సంకేతాలున్నాయని ప్రతిపాదించాడు. ఆయనకు ఆధారం స్పానిష్ మతగురువు లాండా రాసిపెట్టిన అక్షరమాల. 1562లో మనీ పట్టణంలో మాయా గ్రంథాలను తగలబెట్టించినవాడూ ఆ లాండాయే!

శిథిలాలతో యాత్ర ముగిస్తే సగమే చూసినట్లు. ఆ ప్రాంతపు పల్లెల్లో చోల్ భాష సజీవంగా ఉంది. శాసనాల్లో ఇంటికి వాడిన ‘ఒతోత్’ అనే మాట చోల్ ఇళ్లలో స్వల్ప భేదంతో నేటికీ వినిపిస్తుంది. ఇటువంటి వాడుక మాటలే శాసనార్థానికి తాళంచెవులయ్యాయి.

కనుక మీ ఊరి తెలుగు శాసనాన్ని చదివేటప్పుడు, ఇంట్లో అవ్వ పలికే మాటను కూడా రాసుకోండి.