నీటిలోను, ఇసుకలోను దాగిన జాడలు

అడవి అంచున నివసించువారికి జాడ తీయుట క్రొత్త విద్య కాదు. తడి నేలపై పడిన అడుగును బట్టి వచ్చినది చిఱుతపులియో, దుమ్ములగొండియో, ఊరకుక్కయో మన పెద్దలు చెప్పగలరు. పెంటికలను చూచి జింకల మంద ఏ దిక్కునకు పోయినదో గ్రహింపగలరు. జంతువును కంట చూడకయే దాని ఉనికిని తెలిసికొనుట ఈ విద్యలోని మర్మము. అయితే కొన్ని ప్రాణులు అడుగుల గుర్తునైనను స్పష్టముగా మిగుల్పవు. కొన్ని నీటి అడుగునను, కొన్ని ఇసుక లోపలను, కొన్ని రాత్రివేళల మాత్రమే సంచరించును. వాటి సంఖ్య తగ్గిన కొలది వాటిని కనుగొనుట మరింత కష్టమగును. ఇట్టి జీవులకై శాస్త్రజ్ఞులు నేడొక క్రొత్త జాడను అనుసరించుచున్నారు.

డి.ఎన్.ఏ. అనగా నేమి?

ప్రాణుల దేహములన్నియు జీవకణములతో నిర్మితములైనవి. దాదాపు ప్రతి కణమునందును డి.ఎన్.ఏ. అను సన్నని దారము వంటి పదార్థము గలదు. నాలుగు రసాయనాక్షరములు వేర్వేరు వరుసలలో కూర్పబడిన వంశలిపి వంటిది ఇది. ఈ అక్షరముల వరుస ఒక్కొక్క జాతికి ఒక్కొక్క తీరున నుండును. జంతువు నీరు త్రాగునపుడు చొంగ రూపమునను, నేలపై దొర్లునపుడు చర్మపు పొట్టు, వెండ్రుకల రూపమునను, మలమూత్రముల రూపమునను ఈ లిపిని తన పరిసరములందు విడిచిపోవును. ఇట్లు నీటిలో, మట్టిలో, గాలిలో మిగిలిన దానిని పరిసర డి.ఎన్.ఏ. అందురు.

ఈ జాడ మిక్కిలి సూక్ష్మమైనది. నీటిని సన్నని వడపోత గుండ పంపి, దానిపై నిలిచిన పదార్థము నుండి డి.ఎన్.ఏ.ను వేరుచేయుదురు. పిదప అందలి ఒక చిన్న భాగమును ప్రయోగశాలలో కోట్లకొలది ప్రతులుగా పెంచి, అక్షరముల వరుసను చదువుదురు. 2008లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులు కుంటల నీటిని ఈ విధముగా పరీక్షించి, అమెరికానుండి వచ్చి అచట వ్యాపించిన ఒక పెద్ద కప్పజాతి ఎచటెచట నున్నదో గుర్తించిరి. నాటినుండి ఈ పద్ధతి త్వరితముగా ప్రచారములోనికి వచ్చినది.

ఇసుకలో దొరకిన ప్రాణి

దక్షిణాఫ్రికా పశ్చిమతీరమున పోర్ట్ నోలోత్ అను చిన్న పట్టణము గలదు. ఆ ప్రాంతపు ఇసుక దిబ్బలలో డి వింటన్ గోల్డెన్ మోల్ అను చిన్న జంతువు నివసించును. అది చూచుటకు చుంచెలుకవలె నుండును గాని, వంశమును బట్టి ఎలుకలకంటె ఏనుగునకే దగ్గరి చుట్టము. దానికి చూపు లేదు. నేల కంపించుటను బట్టి ఆహారమును వెదకుచు, నీటిలో చేప ఈదినట్లు ఇసుకలో ఈదిపోవును. వెనుక నిలుచు బొరియ యేదియు మిగులదు. 1930లకు తరువాత 80 సంవత్సరములకు పైగా దానిని చూచినవారు లేరు. అది నశించినదేమోయని పలువురు భావించిరి.

2021లో ఒక పరిశోధక బృందము శిక్షణ పొందిన శునకమును వెంటబెట్టుకొని ఆ దిబ్బలను గాలించి, 100కు పైగా ఇసుక నమూనాలను సేకరించినది. ఆ ఇసుకలో గోల్డెన్ మోల్ జాతుల డి.ఎన్.ఏ. దొరకినది. కాని అందు ఏ లిపి డి వింటన్ జంతువుదో నిశ్చయించుట యెట్లు? వ్రాత దొరకినను, వ్రాసినవారి దస్తూరీ ఎఱుగనిదే ఆ వ్రాత ఎవరిదో చెప్పలేము గదా! తుదకు కేప్‌టౌన్ నగరపు మ్యూజియములో ఏనాడో భద్రపరచిన నమూనానుండి లభించిన లిపితో దీనిని పోల్చిచూడగా, రెండును సరిపోయినవి. జంతువు ఇంకను జీవించియే యున్నదని 2023లో ప్రకటించిరి. ఆ తీరమున వజ్రములకై త్రవ్వకములు సాగుచున్నవి. ఇండ్ల నిర్మాణము పెరుగుచున్నది. ఒక జీవి లేదని తలచినచోట దాని కొఱకు నేలను విడిచిపెట్టువారుండరు. ఉన్నదని తెలిసిన పిదపనే రక్షణకు దారి ఏర్పడును.

గ్రామస్థులు చేయగల పని

ఇంగ్లండులో గ్రేట్ క్రెస్టెడ్ న్యూట్ అను ఉభయచరము గలదు. బల్లివలె తోకగలిగి, వసంతకాలమున కుంటలలో గ్రుడ్లు పెట్టును. చట్టము దానిని రక్షించుచున్నందున, నిర్మాణము తలపెట్టినచోట అది యున్నదో లేదో ముందుగా తెలిసికొనవలయును. పూర్వము ఇందులకు నిపుణులు రాత్రులందు దీపములతో పలుమార్లు కుంటల చుట్టు తిరుగవలసివచ్చెడిది. 2014నుండి నీటి పరీక్షను కూడ ప్రభుత్వ సంస్థ ప్రమాణముగా అంగీకరించుచున్నది.

నీరు సేకరించు విధానము సులభము. కుంట చుట్టు 20 చోట్ల గరిటెతో కొంచెము కొంచెము నీరు తీసి ఒక సంచిలో కలుపుదురు. అందుండి 15 మిల్లీలీటర్ల చొప్పున 6 గొట్టములలో, ముందుగా పోసియుంచిన ఆల్కహాలులో కలిపి ప్రయోగశాలకు పంపుదురు. చేతికి తొడుగు ధరింపవలయును, నీటిలో దిగరాదు, అడుగు బురదను కదల్పరాదు. ఈ న్యూట్ ఉన్నదని ముందే తెలిసిన కుంటలలో స్వచ్ఛందముగా వచ్చిన సామాన్యులు నీరు సేకరింపగా, నూటికి సుమారు 91 కుంటలలో దాని జాడ దొరకినది. నియమము పాటించినచో శాస్త్రజ్ఞానము లేనివారును ఈ పనికి తోడ్పడగలరని దీనివలన స్పష్టమగుచున్నది.

మరువరాని హెచ్చరికలు

కాని ఆ మిగిలిన 9 కుంటలను మరువరాదు. జంతువు అచటను ఉన్నది. జాడ మాత్రము దొరకలేదు. ఎండ, వేడిమి, సూక్ష్మజీవులు నీటిలోని డి.ఎన్.ఏ.ను కొలది దినములలోనో, వారములలోనో నశింపజేయును. కావున జాడ దొరకలేదన్నంత మాత్రమున జంతువు లేదని తీర్మానింపరాదు. ఒక్క పరీక్షను చూపి త్రవ్వకమునకో, నిర్మాణమునకో అనుమతి యిచ్చినచో, తిరిగి తేలేని నష్టము వాటిల్లును. మఱియు ఏటి నీరు జాడను ఎగువనుండి దిగువకు కొనిపోవును. ఒక చెరువు బురద అంటిన పాదరక్షలతో మరియొక చెరువునకు పోయినను తప్పుడు ఫలితము రావచ్చును. జంతువులెన్ని యున్నవో, వాటి వయస్సెంతయో ఈ పరీక్ష సరిగా తెలుపజాలదు. కనుక కంటితో చూచు పరిశీలన, అడుగుజాడలను తెలిసినవారి అనుభవము ఇప్పటికిని ఆవశ్యకములే.

మన హైదరాబాదులోని అత్తాపూరునందు, సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ సంస్థకు చెందిన, అంతరించిపోవుచున్న జాతుల సంరక్షణ ప్రయోగశాల గలదు. అచటి శాస్త్రజ్ఞులు ఇటీవలి సంవత్సరములలో ఒడిశాలోని చిల్కా సరస్సు నీటిని పరీక్షించి, సూక్ష్మజీవులు మొదలుకొని పెద్ద ప్రాణుల వరకు గల జాడలను ఒకేసారి చదువు మార్గమును రూపొందించిరి.

జాడ చదువు యంత్రము ప్రయోగశాలలో నుండవచ్చును. కాని ఏ మడుగున ఏ జంతువు నీరు త్రాగునో, ఏ ఋతువున ఏ వాగు ఎండునో ఎఱిగినవాడు గ్రామస్థుడే. నీరు ఎచట, ఎప్పుడు తీయవలయునో అతడు చూపగలడు. మన చెరువులోని కడవెడు నీరు ఆ పరిసరముల ప్రాణులన్నింటి దస్తావేజు వంటిది. దానిని చెడగొట్టక కాపాడినప్పుడే, అందలి వ్రాతను రేపటివారు చదువగలరు.