చిన్న రాజుకు ఎన్ని చిక్కులో!

కత్తి తిప్పడం రానక్కర్లేదు. ఎవరికి పిల్లనివ్వాలో, ఎవరింటి నుంచి పిల్లను తెచ్చుకోవాలో తెలిస్తే చాలు... సామంతుడు కూడా సార్వభౌముడైపోవచ్చు! కానీ ఇంట్లో ఇద్దరు కొడుకులుంటే మాత్రం కూడబెట్టిన రాజ్యం కన్నుమూసిన రోజే ముక్కలైపోతుంది. మధ్యయుగాల చిన్న రాజుల బతుకును కంప్యూటర్ తెర మీదికి తెచ్చిన ఆట ‘క్రూసేడర్ కింగ్స్’. దాని కథే ఇది.

అది 1066 సెప్టెంబరు. ఇంగ్లండు సింహాసనం కోసం మహామహులు తలపడుతున్నారు. కిరీటం హెరాల్డ్ గాడ్విన్‌సన్ నెత్తిన ఉంది. దాన్ని లాక్కోవడానికి ఒకవైపు నార్వే రాజు, మరోవైపు నార్మండీ ప్రభువు విలియం బయల్దేరారు. ఆ పక్కనే సముద్రం మధ్య ఐర్లండు. దాని దక్షిణాన మన్‌స్టర్ అనే బుల్లి రాజ్యం. ఏలేవాడి పేరు ముర్ఖద్. ఖజానా అంతంతమాత్రం, సైన్యం గొప్పగా చెప్పుకునేంత లేదు. చుట్టూ అలాంటి చిన్న రాజులే. ఎవరి కన్ను ఎవరి మీద ఉందో తెలియదు.

ఆట మొదలుపెట్టగానే ఆ ముర్ఖద్ మీరే!

స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలోని పారడాక్స్ సంస్థ తయారుచేసిన ఆట ఇది. మొదటిది 2004లో వచ్చింది. రెండోది 2012లో, మూడోది 2020లో విడుదలయ్యాయి. మూడో భాగంలో కొత్తవాళ్లకు ఆట నేర్పే పాఠం ఈ ముర్ఖద్ కొలువులోనే మొదలవుతుంది. అందుకే ఆటగాళ్లు ఐర్లండుకు ‘పాఠాల దీవి’ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. పెద్ద రాజ్యాలు దూరంగా తమ గొడవల్లో తాముంటాయి కాబట్టి తప్పులు చేసి నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు మరి.

కావాలనుకుంటే జర్మనీ చక్రవర్తిగానో, బైజాంటియం సింహాసనం మీదో కూర్చోవచ్చు. అయినా చాలామందికి చిన్న రాజే ఇష్టం. ఎందుకంటే చక్రవర్తికి పోగొట్టుకునే భయమొక్కటే ఉంటుంది. చిన్న రాజుకు ఆ భయంతోపాటు ఎదగాలన్న ఆశ కూడా ఉంటుంది!

ఊరికే దండెత్తితే కుదరదు

మామూలు యుద్ధం ఆటల్లో సైన్యం ఉంటే చాలు, పక్క రాజ్యం మీద పడిపోవచ్చు. ఇక్కడ అలా కుదరదు. యుద్ధానికి ఓ కారణం కావాలి. ‘ఆ నేల మా తాతలది’ అనో, ‘ఆ సింహాసనం మీద మా ఆవిడకు హక్కుంది’ అనో చూపించాలి. అలాంటి హక్కేదీ లేకపోతే పుట్టించాలి! ఆస్థాన మతాధికారిని పురమాయిస్తే పాత పత్రాలు తిరగేసి, లేనివి సృష్టించి, పక్కవాడి భూమి మీద దావా తయారుచేసి పెడతాడు. దానికి సమయం పడుతుంది, డబ్బూ వదులుతుంది. ఆ తర్వాతే కత్తి దూయడం. దొంగ దస్తావేజులు ఈనాటివి కావన్నమాట!

యుద్ధం మొదలయ్యాక ఇంకో తంటా. సైన్యాన్ని పిలిపించినన్నాళ్లూ ఖజానా కరిగిపోతూనే ఉంటుంది. చిన్న రాజు ఒక యుద్ధం గెలిచి అప్పుల పాలయ్యాడనుకోండి, ఆ సంగతి పక్క రాజుకు తెలియడానికి ఎంతోసేపు పట్టదు. అందుకే అనుభవమున్న ఆటగాళ్లు యుద్ధాలకన్నా ఎదురుచూడటానికే ఎక్కువ సమయం ఇస్తారు. పక్కవాడు జబ్బుపడే దాకా, లేదంటే వాడి సామంతులు తిరగబడే దాకా ఓపిగ్గా కాచుకుంటారు.

మరీ బలవంతుడు మీదికొస్తుంటే ఇంకో దారుంది. అతనికి గానీ, అతన్ని అడ్డుకోగల మరో పెద్ద రాజుకు గానీ సామంతుడిగా లొంగిపోవడం. ఏటా పన్ను కట్టాలి, పిలిచినప్పుడు సైన్యాన్ని పంపాలి. పరువు తగ్గినా ప్రాణం నిలుస్తుంది.

వియ్యమే కోటగోడ

చిన్న రాజుకు అసలైన ఆయుధం పెళ్లి. కూతుర్ని బలమైన రాజు కొడుక్కి ఇస్తే ఆ రాజు మిత్రుడైపోతాడు. యుద్ధమొస్తే వియ్యంకుడి సైన్యం దిగుతుంది. అయితే ఆయనకు యుద్ధమొచ్చినప్పుడు మీరూ వెళ్లాలి. వెళ్లకపోతే నలుగురిలో చులకనైపోతారు. అల్లుడి తాహతు, కోడలి తెలివితేటలు, పుట్టబోయే మనవడికి ఏ రాజ్యం మీద హక్కు వస్తుందన్నదీ... అన్నీ చూసుకోవాలి. మన ఇళ్లలో పెళ్లిచూపుల ముందు జరిగే మంతనాలు ఏం సరిపోతాయి!

ఇది ఆట కోసం అల్లిన కల్పన కాదు. 1166లో రాజ్యం పోగొట్టుకున్న లీన్‌స్టర్ రాజు డెర్మట్ మెక్‌మరో ఐర్లండు నుంచి సముద్రం దాటి వెళ్లి సాయం అడిగాడు. 1169లో నార్మన్ యోధులు అతని తరఫున ఐర్లండులో అడుగుపెట్టారు. మరుసటి ఏడు వచ్చిన ‘స్ట్రాంగ్‌బో’ అనే ప్రభువుకు డెర్మట్ తన కూతురు ఈఫాను ఇచ్చి పెళ్లిచేశాడు. 1171లో మామ చనిపోగానే అల్లుడు లీన్‌స్టర్ నాదన్నాడు. ఆ అల్లుడి బలం ఎక్కడ పెరిగిపోతుందోనని ఇంగ్లండు రాజు రెండో హెన్రీయే అదే ఏడాది స్వయంగా సైన్యంతో దిగాడు. రాజ్యాన్ని కాపాడుకుందామని చేసిన పెళ్లి పరాయి పాలనకు తలుపు తీసింది. ఆటలోనూ ఇలాంటివి తరచూ జరుగుతుంటాయి. వియ్యంకుడు మరీ బలవంతుడైతే వాడే ప్రమాదం.

మనసుకూ ఓ లెక్క

ఈ ఆటలో ప్రతి మనిషికీ స్వభావం ఉంటుంది. పిసినారి, దయాళువు, కోపిష్టి, బిడియస్తుడు... ఇలా. రాజు తన స్వభావానికి విరుద్ధంగా నడిస్తే మనసు మీద ఒత్తిడి పెరుగుతుంది. జాలిగుండె రాజు ఖైదీకి మరణశిక్ష వేసినా, పిసినారి రాజు కానుకలు పంచినా లోలోపల నలిగిపోతాడు. ఒత్తిడి హద్దు దాటితే తాగుడుకు బానిస కావచ్చు, ఆరోగ్యం పాడై అకాలంగా పోనూవచ్చు. రాజకీయంగా సరైన నిర్ణయమే ఆ మనిషికి విషమవుతుంది. చదరంగంలో రాజుకు ఈ బాధ లేదు.

కొలువులోనూ అంతే. మంత్రి, కోశాధికారి, సేనాని, వేగులవాళ్ల పెద్ద, మతాధికారి... వీళ్లంతా రాజును ఇష్టపడాలి. సమర్థుడు కదా అని గిట్టనివాడికి వేగుల పని అప్పగిస్తే కుట్రలు కనిపెట్టాల్సినవాడే కుట్ర చేస్తాడు. చేతగాని బంధువును పెట్టుకుంటే ఏ సంగతీ చెవిన పడదు. చిన్న రాజ్యంలో మనుషులే కొద్దిమంది. ఉన్నవాళ్లతోనే నెట్టుకురావాలి.

కొడుకులెక్కువైతే రాజ్యం తక్కువ

ఇంతా చేసి మీ రాజు ఏ అరవై ఏళ్లకో కన్నుమూస్తాడు. ఆట అయిపోదు, అసలు కథ అప్పుడే మొదలవుతుంది. అక్కణ్నుంచి మీరు అతని వారసుడు. నాన్న స్నేహితులు కొడుక్కి స్నేహితులు కావాలని లేదు. నాన్నంటే భయపడ్డ సామంతులు పిల్లవాణ్ని చూసి జట్టుకడతారు. వీటన్నిటికన్నా పెద్ద దెబ్బ... పంపకాలు!

ఆట మొదట్లో చాలా రాజ్యాల్లో ఆస్తిని కొడుకులందరికీ పంచాల్సిందే. నలభై ఏళ్లు కష్టపడి నాలుగు సీమలు గెలిస్తే, పెద్దవాడికి రాజధానితోపాటు తన వాటా, మిగతావి తమ్ముళ్లకు. నిన్నటిదాకా ఒకే కంచంలో తిన్న అన్నదమ్ములు తెల్లారేసరికి దాయాదులు. కొత్త రాజు మొదటి యుద్ధం చాలాసార్లు సొంత తమ్ముడి మీదే.

చరిత్ర చెప్పేదీ అదే. షార్లమేన్ నిర్మించిన మహాసామ్రాజ్యాన్ని ఆయన మనవలు ముగ్గురూ 843లో వెర్డన్ ఒప్పందంతో మూడు ముక్కలు చేసుకున్నారు. అందుకే ఆటగాళ్లు రకరకాల ఉపాయాలు పన్నుతారు. చిన్నకొడుకును సన్యాసుల మఠానికి పంపేవాళ్లు కొందరు. కొత్తగా గెలిచిన నేలను ముందే చిన్నవాడి పేర పెట్టేసేవాళ్లు ఇంకొందరు. ఐర్లండులో అయితే వంశంలో సమర్థుణ్ని పెద్దలు ఎన్నుకునే పాత పద్ధతి ఒకటుంది. దాన్నీ ఆటలో వాడుకోవచ్చు.

ఆట ముగిసేది 1453లో, కాన్‌స్టాంటినోపుల్ పతనమైన ఏడాది. ‘గెలిచావు’ అని చెప్పే గీత ఎక్కడా లేదు. వంశంలో రాజ్యమేలే వారసుడు మిగలకపోతే మాత్రం ఓడినట్టే. ఐర్లండును ఏకం చేయాలా, ఉన్నది కాపాడుకుంటే చాలా అన్నది ఆడేవారి ఇష్టం.

వేంగి కథా ఇలాంటిదే

2014 నుంచి ఈ ఆట పటంలో భారతదేశమూ చేరింది. అందులో మన వేంగి కూడా ఉంది. నిజానికి చిన్న రాజు చిక్కులు తెలుసుకోవడానికి మనం ఐర్లండు దాకా వెళ్లక్కర్లేదు. పదకొండో శతాబ్దపు వేంగికి ఒకవైపు కల్యాణి చాళుక్యులు, మరోవైపు చోళులు. నడుమ నలిగిన తూర్పు చాళుక్యులు చోళులతో వియ్యమందారు. విమలాదిత్యుడు రాజరాజ చోళుడి కూతురు కుందవను పెళ్లాడాడు. వాళ్ల కొడుకే నన్నయకు ఆశ్రయమిచ్చిన రాజరాజ నరేంద్రుడు. సవతి తమ్ముడు విజయాదిత్యుడు ఆయన్ను నిలకడగా ఏలనివ్వలేదు. అడుగడుగునా దాయాది పోరే. రాజరాజు కూడా రాజేంద్ర చోళుడి కూతురు అమ్మంగదేవినే చేసుకున్నాడు. ఆ దంపతుల కొడుకు 1070లో ఏకంగా చోళ సింహాసనమెక్కి కులోత్తుంగ చోళుడయ్యాడు! రెండు తరాల పెళ్లిళ్లు చిన్న రాజ్యపు బిడ్డను దక్షిణాదికే చక్రవర్తిని చేశాయి. ఏ ఆటగాడైనా కలలుగనే ఎత్తు ఇది. కానీ అదే ఎత్తుతో వేంగి స్వతంత్రం కూడా చోళుల్లో కలిసిపోయింది.

పిల్లలు ఆడొచ్చా?

ఈ ఆటలో హత్యలకు పథకాలుంటాయి, బెదిరింపులుంటాయి, అక్రమ సంబంధాలూ ఉంటాయి. చిన్నపిల్లలకు తగదు. చదవాల్సింది చాలా ఉంటుంది, అదీ ఇంగ్లిషులో. ఒక్క రాజు జీవితం పూర్తికావడానికే గంటలు పడుతుంది కాబట్టి పరీక్షల ముందు దీని జోలికి వెళ్లకపోవడమే మేలు. ఇందులో కనిపించేదంతా చరిత్ర అనుకోవడమూ పొరపాటే. ముర్ఖద్ తండ్రి డొన్నఖద్‌ను 1063లోనే గద్దె దింపారు. 1066 నాటికి మన్‌స్టర్‌లో అసలు పెత్తనం ముర్ఖద్‌ది కాదు, అతని దాయాది టర్లో ఓబ్రయన్‌ది.

అయినా కాస్త పెద్ద పిల్లలు ఇది ఆడితే చరిత్ర పుస్తకంలో ఒక్క వాక్యంగా మిగిలిన సంగతులు కొత్తగా కనిపిస్తాయి. ‘ఫలానా రాజు ఫలానా రాకుమారిని వివాహమాడెను’ అని చదివినప్పుడు ఆ పెళ్లి వెనక ఎంత భయముందో, ఎన్ని లెక్కలున్నాయో తడుతుంది. వారసత్వం కోసం అన్నదమ్ములు కొట్టుకున్నారంటే దుర్మార్గులు కాబట్టే అనిపించదు. ఆ పంపకాల పద్ధతే వాళ్లనలా నిలబెట్టిందని అర్థమవుతుంది. పెద్ద రాజుల గొప్పలు శాసనాల నిండా కనిపిస్తాయి. చిన్న రాజులు నిద్రపట్టక గడిపిన రాత్రుల్ని చెక్కిన శాసనం మాత్రం ఎక్కడా ఉండదు. ఈ ఆట చూపించేది ఆ రాత్రులనే!