చిత్రకథయందుఁ బాత్రపోషణము

చలనచిత్రము సాహిత్యవిచారమునకుఁ దగదని తలంచువారు మన పండితులలో నింకను గలరు. కాని తెఱపై నాడు బొమ్మకు వెనుక నొక రచన యున్నది. దానికిఁ జిత్రానువాదమని పేరు. ఏ దృశ్యము ముందు, ఏది వెనుక, ఎవ్వరేమి చేయుదురు, ఏమి పలుకుదురు, ఏది పలుకక విడుతురు అనునదెల్ల నందే నిర్ణయింపఁబడును. కావున నిదియు రూపకభేదమే. రూపకమునకుఁ జెల్లు విచారము దీనికిని జెల్లును. ఇందుఁ బాత్ర బలముగా నుండుట యనఁగా నేమి యను నొక్క ప్రశ్నమును వ్యాకరణమార్గమున నిచట విచారింతును.

బలమైన పాత్ర యనఁగానే దీర్ఘముగాను బిగ్గఱగాను బలుకువాఁడని పలువురు తలంతురు. అది సరికాదు. పాణినీయులు కారకములలోఁ గర్తకుఁ జెప్పిన లక్షణము స్వాతంత్ర్యము. తక్కిన కారకములు క్రియకు సాయపడును. కర్త వానిని బ్రవర్తింపఁజేయును. ఎన్ని విశేషణములు తగిలించినను గర్మము కర్త కానేరదు. పాత్రయు నట్లే. ధీరుఁడనియు సుందరుఁడనియు నెందఱు పొగడినను, తానొకటి కోరి, దానికై యొక పనికిఁ బూనుకొని, యా పని ఫలమును దాననుభవించినఁగాని యది పాత్ర కాదు. విశేషణముల మూట మాత్రమే.

ఉదాహరణముగా 1957లో విజయా సంస్థవారు వెలువరించిన ‘మాయాబజార్’ను గ్రహింతము. దీనికిఁ గథయు, మాటలును, బాటలును రచించినవారు పింగళి నాగేంద్రరావుగారు. చిత్రానువాదమును దర్శకత్వమును గదిరి వెంకటరెడ్డిగారివి. ఇందలి శశిరేఖాపరిణయము వ్యాసభారతమున లేదు. భారతమందలి లక్ష్మణకుమారుఁడు ద్రోణపర్వమున నభిమన్యునిచేత రణమున హతుఁడైన రాజపుత్త్రుఁడు. చిత్రమున నతఁడు తన యందమునకుఁ దానే మురియు పెండ్లికొడుకు.

వీరమరణము నొందినవానిని నవ్వులపాలు చేయుట యనౌచిత్యము కాదా యని పూర్వపక్షము. ఇది తేలికగాఁ ద్రోసివేయఁదగినది కాదు. నాయకునకుఁగాని రసమునకుఁగాని విరుద్ధమైనదానిని గవి విడువవచ్చును, లేదా వేఱుగాఁ గల్పింపవచ్చునని దశరూపకకారుఁడు ధనంజయుఁ డనుమతించెను. ఆ యనుమతి నాయకుని గాపాడుటకే కాని ప్రతిపక్షమును గించపఱచుటకుఁ గాదని మరల నడుగవచ్చును. సమాధాన మిది: చిత్రకర్త లతని మరణమును హాస్యము చేయలేదు, యుద్ధమునకుఁ బూర్వపుఁ గల్పితవివాహమున నతని చాపల్యమును మాత్రమే చూపిరి. అంతకంటె ముఖ్యమైనది, వానిని వట్టి బొమ్మగాఁ జేయలేదు. శర్మ, శాస్త్రి యను స్తోత్రపాఠకు లిరువురు పొగడుచుండఁగా, నా పొగడ్తను నిజమని నమ్ముట వాని స్వేచ్ఛ. ఆ నమ్మకమే వానిని మాయాశశిరేఖ చెంతకుఁ గొనిపోయి భంగపఱచును. కోరినవాఁడు తాను, పడినవాఁడు తాను. ఈ పాత్రను ధరించినవారు తాడేపల్లిగూడెమున స్థిరపడి 1975లో నచ్చటనే కీర్తిశేషులైన రేలంగి వెంకట్రామయ్యగారు. వారు పాత్రయొక్క యాత్మవిశ్వాసమును వెక్కిరింపక నిజముగా నభినయించుటచేతనే నవ్వు పుట్టును. హాస్యపాత్రకును గర్తృత్వము వలయుననుటకు నిది నిదర్శనము.

ఇఁకఁ బ్రయోజకకర్త. చేయువాఁ డొకఁడు, చేయించువాఁ డొకఁడు. శ్రీకృష్ణుఁడును శకునియు నీ తెగవారు. క్రొత్తగా వ్రాయువారు చేయించువానికే సర్వశక్తులు నిచ్చి చేయువానిని గీలుబొమ్మఁ జేయుదురు. శాస్త్రమున నట్లు లేదు. ప్రేరేపింపఁబడినవాఁడును దన క్రియయందుఁ గర్తయే. కృష్ణుఁడు సుభద్రాభిమన్యుల నడవికిఁ బంపి త్రోవ చూపును. కాని శశిరేఖను నిద్రలో మంచముతోఁగూడఁ గొనిపోవుటయు, నామె రూపు దాల్చి పెండ్లివారిని దిప్పలు పెట్టుటయు ఘటోత్కచుని పనులు. నేఁటి యేలూరు జిల్లాలోని నూజివీడునఁ బుట్టిన యస్. వి. రంగారావుగారు ఘటోత్కచపాత్రను ధరించిరి. శశిరేఖయైన సావిత్రిగారే యా రూపు దాల్చిన ఘటోత్కచుఁడుగను నటించిరి. నానార్థశబ్దమువలె నిట రూపమొక్కటి, పాత్రలు రెండు. దీనిచేఁ బాత్ర యనునది వేషము కాదని, కోరికయు నడవడియునని స్పష్టమగుచున్నది.

మఱియొక విశేషము. ఈ కథ కెల్ల మూలము పాండవులు రాజ్యమును గోలుపోవుట. అట్లయ్యుఁ బాండవులైదుగురిలో నొక్కరును దెఱపైఁ గానరారు. ప్రత్యయము లోపించినను దత్కార్యము నిలుచునని వైయాకరణు లెఱుఁగుదురు. ఇచట లోపించిన పాండవులు కార్యమును నడపుచున్నారు. వారి దారిద్ర్యమే రేవతీబలరాముల మనస్సును మార్చినది. ఎవ్వరిని జూపవలయునో యెఱుఁగుటవలెనే యెవ్వరిని జూపఁగూడదో యెఱుఁగుటయుఁ జిత్రానువాదవిద్య.

ఈ లక్షణమును మన ప్రాంతపుఁ గథ యొకదానియందుఁ బరీక్షింతము. కొల్లేటికోటను శత్రువులు ముట్టడించి, కొలని నీరు సముద్రమునకుఁ బోవునట్లు కాలువ త్రవ్వఁగా, గజపతుల సేనాని విజయార్థము దన కూఁతునే బలి యిచ్చెననియు, నందువలన నా కాలువకుఁ బేరంటాల కనుమ యను పేరు గలిగెననియు నొక యైతిహ్యము. ఉప్పుటేఱే యా కాలువ యని చెప్పుదురు. ఇట్టి కథలకుఁ బాఠభేదము లుండును. ఈ పాఠమును జిత్రముగా మలఁచువాఁడు కోట, సేనలు, పడవలు, నీటిపక్షులు అన్నియుఁ జూపఁగలఁడు. కాని యా కన్య వాక్యమున వట్టి కర్మము. తండ్రి యిచ్చెను, దేవత గైకొనెను. ఆమె యేమి చేసెను? ఆమెకై కన్నీటిపాట యొకటి చేర్చినంతమాత్రమున లోపము తీఱదు. ఆమె యెఱిఁగి యొప్పుకొన్నదా, ఎదిరించినదా, పాఱిపోఁ జూచి మరల వచ్చినదా? వీనిలో నేదైన నొకటి రచయిత నిర్ణయింపవలయును. నిర్ణయించిన క్షణమునఁ దండ్రిపాత్రయు మాఱును. ఏలయన, నొప్పుకొన్న కూఁతును బలి యిచ్చు తండ్రియు, నెదిరించు కూఁతును బలి యిచ్చు తండ్రియు నొక్కఁడు కాఁడు. ఒకపాత్రకుఁ గర్తృత్వ మిచ్చినచో దాని కెదురైన పాత్రకును బ్రాణము వచ్చును.

పాఠశాలాపండితులు దీనిని దరగతిలో నభ్యాసముగాఁ జేయింపవచ్చును. ఒక దృశ్యమును జెప్పి దాని నొక్క వాక్యమున వ్రాయుఁడనవలయును. పిమ్మట నందుఁ గర్త యెవ్వరు, కర్మ మెవ్వరు, కర్మముగా నున్నవారు మఱియొక దృశ్యమునఁ గర్త లగుచున్నారా యని యడుగవలయును. కథాంతమువఱకు నొక్కమాఱైనను గర్త కాని ముఖ్యపాత్ర యున్నచో నా కథను దిరిగి వ్రాయవలసినదే. కొల్లేటి కన్య కథ యిట్లు తిరిగి వ్రాయువానికై యింకను వేచియున్నది.