బొర్రా రాయి: తవ్వితే ఒక్కసారే, చూపిస్తే ఎల్లకాలం

అనంతగిరి: బొర్రా గుహలను చూడడానికి రైళ్ళలో, బస్సుల్లో జనం వస్తున్నారు. రంగుదీపాల వెలుగులో శివలింగాన్ని, రాతి ఆకారాలను చూసి, బయట బొంగులో చికెన్ తిని తిరిగి వెళుతున్నారు. తాము నిలబడిన కొండ వయస్సెంతో, అది ఎలా తయారయిందో తెలుసుకుని వెళ్ళేవారు మాత్రం తక్కువ.

ఇక్కడి రాళ్ళు భూమి లోపల వేడికి ఉడికి గట్టిపడి సుమారు 100 కోట్ల సంవత్సరాలయిందని శాస్త్రజ్ఞుల అంచనా. హిమాలయాలు పైకి లేవడం మొదలయింది సుమారు 5 కోట్ల ఏళ్ళ క్రితమే. ఆ లెక్కన మన తూర్పు కనుమలు తాతల వంటివి.

గిరిజనుల పేరు పెట్టుకున్న రాయి

ఎర్రటి గార్నెట్ గింజలు పొదిగినట్లుండే రాయి మన కొండల్లో విస్తారంగా కనిపిస్తుంది. ఒకప్పటి బంకమట్టి పొరలే భూగర్భంలో ఉడికి ఈ రాయిగా మారాయి. వాకర్ అనే శాస్త్రజ్ఞుడు 1902లో, ఇక్కడి ఖోండు గిరిజనుల పేరిట దీనికి 'ఖోండలైట్' అని పేరు పెట్టాడు. ఒడిషాలోని కోణార్క సూర్యదేవాలయం చాలావరకు ఈ జాతి రాతితో కట్టినదే.

దీని నడుమ ఉన్న సున్నపురాతిలో బొర్రా గుహలు ఏర్పడ్డాయి. వాననీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని రాతిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. పైకప్పు నుంచి జారే ప్రతి బొట్టూ రవంత సున్నం వదిలిపోతుంది. అదే పైనుంచి ఊడలుగా, కిందనుంచి స్తంభాలుగా పెరుగుతుంది. అంగుళం పెరగడానికి వందల ఏళ్ళు పట్టవచ్చు. చేతి జిడ్డు అంటినచోట ఆ పెరుగుదల ఆగిపోతుంది. కనుక ముట్టుకోకుండా చూడడమే మేలు.

మేస్తున్న ఆవు పైకప్పు కన్నంలోంచి లోపల పడిందని, వెతుక్కుంటూ దిగిన కాపరికి శివలింగం కనిపించిందని పెద్దలు చెబుతారు. పక్కన పారే ఏటికి గోస్తని అనే పేరు అందుకే వచ్చిందంటారు. శివరాత్రికి ఇక్కడ జాతర జరుగుతుంది.

కోర్టుకెక్కిన కొండలు

ఇంతటి కొండలూ ఒకప్పుడు గనుల పాలు కాబోయాయి. బొర్రా పరిసర గ్రామాల్లో తవ్వకాలకు ప్రైవేటు వారికి లీజులు ఇవ్వగా, గిరిజనుల పక్షాన 'సమత' సంస్థ న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు గనుల లీజుకు ఇవ్వరాదని 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దేశంలోని గిరిజనులందరికీ అండగా నిలిచిన ఆ తీర్పు పుట్టింది ఈ కొండల్లోనే కావడం గమనార్హం.

ఏటి వెంట బాట

తీర్పు కొండను కాపాడింది. ఇక ఆ కొండ ఊరివారికి కూడు పెట్టే దారి చూడవలసి ఉంది. అందుకు గోస్తని ఏరే దారి చూపుతోంది. బొర్రా వద్ద గుహలు, ఆ దగ్గరలోనే కటికి జలపాతం, దిగువన తాటిపూడి జలాశయం, చివరకు ఏరు భీమునిపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. అక్కడికి దగ్గరలో విశాఖ దారిలోనే ఎర్రమట్టి దిబ్బలున్నాయి. గాలికి పోగుపడిన ఇసుకలోని ఇనుము తుప్పుపట్టి ఎర్రబడిన ఆ దిబ్బలకు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చోటు దక్కింది. కొండ నుంచి కడలి వరకు ఒకే ఏటి వెంట ఇన్ని వింతలు వరుసగా ఉండడం అరుదు.

గ్రామాల్లో చదువుకున్న గిరిజన యువతకు ఈ రాళ్ళ కథ నేర్పి, వచ్చినవారికి వివరించే పని అప్పగిస్తే వారికి ఉపాధి దొరుకుతుంది. గుహతోనే ఆగకుండా మిగిలినవీ చూడాలనుకునేవారు ఒక పూట ఎక్కువ ఉంటారు. వారికి భోజనం, బస ఊళ్ళలోనే ఏర్పాటు చేయవచ్చు. రాతిని తవ్వి అమ్మితే డబ్బు వచ్చేది ఒక్కసారే. ఉన్నచోటనే ఉంచి చూపిస్తే మనుమల కాలానికీ వస్తుంది. పర్యాటక శాఖ, ఐటీడీఏ, పంచాయతీలు కలిసి ఈ దిశగా ఆలోచించవలసిన అవసరం ఎంతయినా ఉంది.