ఎండలో బండి మీద ఒంటి నిండా బట్టలెందుకు?

మే నెలలో రామగుండం రోడ్ల మీద బండి నడిపేవాళ్లను చూడండి. పొడుగు చేతుల చొక్కా, మొహానికి చున్నీ, చేతులకు గ్లౌజులు. అంత ఎండలో ఇదేం పని?

మన చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు. గాలి అంతకంటే చల్లగా ఉన్నంతసేపే మన వేడిని లాక్కుపోతుంది. బయట 44 డిగ్రీలుంటే వడగాలే మనకు వేడి అంటిస్తుంది. బండి వేగం పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ! అప్పుడిక కాపాడేది చెమటే; అది ఆరుతూ ఒంటి వేడిని తీసుకుపోతుంది. ఒట్టి చేతుల మీద చెమట పుట్టీ పుట్టగానే ఎగిరిపోతుంది, ఒంట్లో నీరు తరిగిపోతుంది. వదులైన నూలు చొక్కా అయితే చెమటను పీల్చుకుని మెల్లగా ఆరుతుంది, ఎండా నేరుగా తగలదు. మెడకు తడి రుమాలు కట్టుకుంటే మరీ హాయి, కాకపోతే కాసేపటికే ఎండిపోతుంది. విశాఖలో గాల్లోనే తేమ ఎక్కువ, చెమట ఓ పట్టాన ఆరదు. అక్కడ గాలి దూరే జాలీ జాకెట్టు మేలు.

చున్నీ కొసలు లోపలికి దోపుకోవాలి, వేలాడితే చక్రంలో చుట్టుకుంటాయి. నిక్కరు వద్దు; సైలెన్సర్ తగిలితే పిక్క బొబ్బలెక్కుతుంది. ఉక్కపోస్తోందని హెల్మెట్‌ను పెట్రోలు ట్యాంకు మీద పెట్టుకునే అన్నయ్యలూ ఉన్నారు. ట్యాంకుకు తలెక్కడుంది? గాలి రంధ్రాలున్న ఐఎస్ఐ హెల్మెట్లు దొరుకుతున్నాయిగా!