తొలి ట్రాము దారిలో ఎం1 బస్సు

న్యూయార్క్ మాన్‌హాటన్‌లో హార్లెం నుంచి సోహో దాకా తిరిగే ఎం1 సిటీ బస్సు రూటుకు దాదాపు రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది. 1832 నవంబరులో న్యూయార్క్ అండ్ హార్లెం రైల్‌రోడ్ కంపెనీ బవరీ వీధిలో, ప్రిన్స్ స్ట్రీట్ నుంచి 14వ వీధి వరకు, ఇనుప పట్టాల మీద గుర్రపు బండి నడిపింది. నగర వీధుల్లో జనాన్ని ఎక్కించుకుని తిరిగిన తొలి ట్రాము ఇదేనని చరిత్రకారులు సాధారణంగా చెబుతారు. జాన్ స్టీఫెన్‌సన్ తయారుచేసిన ఆ బండికి కంపెనీ అధ్యక్షుడు జాన్ మేసన్ పేరే పెట్టారు. గతుకుల రోడ్డు మీద ఒళ్లు హూనం చేసుకున్న వాళ్లకు పట్టాల ప్రయాణం హాయిగా తోచింది.

కంపెనీ గురి హార్లెం మీద. దారికి అడ్డొచ్చిన మరే హిల్ రాతిగుట్టను తొలిచి, ఆ కందకానికి తర్వాత పైకప్పు వేశారు. శివార్లలో ఆవిరి ఇంజన్లు, ఊళ్లో గుర్రాలు లాగేవి. పొగ, బాయిలర్ల భయం కొద్దీ నగరపాలకులు ఇంజన్లను క్రమంగా ఉత్తరానికి నెట్టారు. 1871లో 42వ వీధిలో గ్రాండ్ సెంట్రల్ డిపో తెరిచారు. దానికి దక్షిణాన ఉన్న పాత పట్టాలు ట్రాములకే మిగిలాయి. ట్రాములు ఫోర్త్ అవెన్యూ, మరే హిల్ సొరంగం, మాడిసన్ అవెన్యూల మీదుగా హార్లెం చేరేవి. ఆ సొరంగంలో ఇప్పుడు కార్లు వెళ్తున్నాయి.

1890ల్లో గుర్రాల బదులు కరెంటు వచ్చింది. మాన్‌హాటన్‌లో ట్రాములకు పైన తీగలు కట్టనివ్వలేదు. అందుకని రెండు పట్టాల నడుమ సన్నని సందు వదిలి, కింద కాలువ తవ్వి, అందులో కరెంటు కడ్డీలు అమర్చారు. ట్రాము అడుగునుంచి దిగిన పలక సందులో దూరి, కడ్డీలను రాసుకుంటూ కరెంటు అందుకునేది. వీధి అందం చెడలేదు గానీ, ఖర్చు తడిసి మోపెడయ్యేది. 1895లో మొదలైన మద్రాసు ట్రాములకూ మొదట ఇదే పద్ధతి పెట్టారు. వానలకు అది నిలవలేదు, పైతీగలకు మారక తప్పలేదు.

అమెరికాలో ట్రాముల్ని మోటారు కంపెనీలు కుట్రపన్ని చంపేశాయని తరచూ వింటుంటాం. ఈ రూటు విషయంలో ఆ ఒక్క మాట సరిపోదు. మొదటి ప్రపంచ యుద్ధంతో ధరలు మండిపోయినా టికెట్ అయిదు సెంట్లు దాటలేదు. పట్టాల మధ్య రోడ్డు బాగుచేయించే భారం కూడా ట్రాము కంపెనీలదే. పైగా 1904 నుంచి ఫోర్త్ అవెన్యూ కిందే సబ్‌వే రైలు నడుస్తోంది. దూరం వెళ్లేవాళ్లు అటు మళ్లారు. బస్సుకైతే సొంత పట్టాలక్కర్లేదు, కాలువ శుభ్రం చేసే పని లేదు. 1926లో బస్సు వ్యాపారులే ట్రాము కంపెనీని చేజిక్కించుకున్నారు. 1934లో మేయరైన లా గార్డియాకు ట్రాములంటే గిట్టదు. ఇక అడ్డుపడేవారెవరు? 1935 ఫిబ్రవరి 1న ట్రాములు ఆగి, మాడిసన్ అవెన్యూ కోచ్ కంపెనీ బస్సులు రోడ్డెక్కాయి.

లాభం చూపిన బస్సులూ ఎల్లకాలం ప్రైవేటు చేతిలో నిలవలేదు. 1962 మార్చిలో సమ్మె జరిగినప్పుడు నగర ప్రభుత్వం వాటిని స్వాధీనం చేసుకుని, కొత్త ప్రభుత్వ సంస్థకు అప్పగించింది. 1966 జనవరిలో మాడిసన్, ఫిఫ్త్ అవెన్యూలు వన్‌వే అయ్యాయి. అప్పటినుంచి ఈ బస్సు ఉత్తరానికి మాడిసన్ మీదుగా వెళ్లి, దక్షిణానికి ఫిఫ్త్ అవెన్యూ మీదుగా వస్తోంది.